సముద్రం ఏ నెలలో పసరెక్కుతుంది? నాసా వరల్డ్‌వ్యూతో మా బడిలో మూడేళ్లు

మూడేళ్ల నుంచి వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నాసా వాళ్ల వరల్డ్‌వ్యూ అనే వెబ్‌సైట్ గురించి ఇది. పైసా ఖర్చు లేదు, లాగిన్ అడగదు, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఉపగ్రహాలు రోజూ పంపే బొమ్మల్ని తేదీ పెట్టుకుని చూడొచ్చు. చాలామంది తుఫాన్లకో, అడవి మంటలకో, ఢిల్లీ పొగమంచుకో వాడతారు. నేను వాడేది ఒక్క పనికే. సముద్రం ఎప్పుడు పచ్చబడుతుంది, ఏ ఏడాది ముందు, ఏ ఏడాది వెనక అన్నది పిల్లలకు చూపించడానికి.

నేను నర్సంపేట వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా క్లాసులో సగానికి పైగా పిల్లలు సముద్రం చూడలేదు. వాళ్లకు పెద్ద నీళ్లంటే పాకాల చెరువు. అట్లాంటి చోట వృక్ష ప్లవకాల (నీళ్లలో తేలే మొక్కల్లాంటి సన్నటి జీవాల) పాఠం చెప్పాలంటే పుస్తకంలో ఒక బొమ్మ, కింద నాలుగు పేర్లు, అంతే. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఆ కంటికి కనబడని జీవాలదే అని చెప్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. నాకు అది చాలా ఏళ్లు బాధగా ఉండేది.

దారి మా ఇంట్లోనే దొరికింది. మా బాపు మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. చెరువులో చేపపిల్ల వదిలే ముందు ఆయన చేసే పరీక్ష ఒకటి ఉంది. కట్ట దిగి మోకాటి లోతు నీళ్లలో నిలబడతాడు. చొక్కా చేతిని భుజం దాకా మడుస్తాడు. అరచేయి పైకి తిప్పి, మెల్లగా నీళ్లలోకి దించుతాడు. మొదట చేతి గీతలు మసకబారతాయి. మణికట్టు దాటి ఇంకో బెత్తెడు దిగేసరికి వేళ్ల సందులు కనబడవు. మోచేయి మునిగేటప్పటికి అరచేయి మొత్తం ఆకుపచ్చలో కలిసిపోతే, "పసరెక్కినయ్ నీళ్లు, ఇడువుండ్రి" అంటాడు. ఇంకా కనబడుతుంటే పెండ, సూపర్ ఫాస్ఫేట్ వేసి వారం పది రోజులు ఆగమంటాడు. ఆ పసరే వృక్ష ప్లవకాలు. దాన్ని తిని జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సన్నటి పురుగుల్లాంటివి పెరుగుతాయి, వాటిని తిని చేపపిల్ల బతుకుతుంది. పసరు రాకముందే పిల్ల పడితే తిండి లేక చస్తుంది. మరీ ఆలస్యంగా పడితే చెరువులో నీళ్లు తగ్గేలోపు ఎదగదు. అంతా తారీఖు మీదే ఉంది.

దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆక్వా అనే ఉపగ్రహం సముద్రం మీద చేసేది బాపు పరీక్షే. క్లోరోఫిల్ నీలం, ఎరుపు కాంతిని మింగేసి ఆకుపచ్చను వదిలేస్తుంది. నీళ్లలోంచి తిరిగొచ్చే రంగును బట్టి ఒక ఘనపు మీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల క్లోరోఫిల్ ఉందో లెక్కగడతారు. 2002 జులై నుంచి ఆ రికార్డు వరల్డ్‌వ్యూలో ఉంది. ఇది పిల్లలకు చెప్పిన రోజు ఒకడు లేచి, "గట్లయితే గా ఉపగ్రహానికి చెయ్యి ఎంత పొడుగుంటదో మేడం" అన్నాడు. అప్పటి నుంచి మా బడిలో దాని పేరు పొడుగుచెయ్యి.

ఎట్లా వాడాలో చెప్తాను. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి నేను ఒక కాగితం మీద తెలుగులో రాసి పిల్లలకు ఇచ్చాను. సైట్ తెరవగానే ఎడమవైపు పొరల జాబితా ఉంటుంది. అక్కడ యాడ్ లేయర్స్ నొక్కి, వెతికే చోట క్లోరోఫిల్ అని కొట్టి, ఆక్వా మోడిస్ (ఆక్వా మీదున్న పరికరం) పేరున్నది ఎంచుకోవాలి. కింద తేదీల పట్టీ ఉంటుంది. రోజు, నెల, ఏడాది వేటికవే జరపొచ్చు. కెమెరా గుర్తు నొక్కితే బొమ్మ దాచుకోవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చింది స్టార్ట్ కంపారిజన్ అనే బటన్. ఒకే చోటుని రెండు తేదీల్లో పక్కపక్కన పెడుతుంది. మధ్యలో ఒక గీత, దాన్ని వేలితో అటూ ఇటూ జరిపితే ఒక ఏడాది తొలగి ఇంకో ఏడాది వస్తుంది.

ఆ గీత దగ్గరే మా క్లాసు మొత్తం మారిపోయింది. దక్షిణ అమెరికా పడమట, భూమధ్యరేఖ మీద పసిఫిక్‌ని తెరిచాను. ఒక పక్క 2010 నవంబర్, ఇంకో పక్క 2015 నవంబర్. 2010 వైపు భూమధ్యరేఖ వెంట పచ్చటి పట్టీ సాగి ఉంది, గలపగోస్ దీవుల దగ్గర చిక్కగా. గీత జరిపితే 2015 వైపు ఆ పట్టీ పలచబడి, చాలామేర నీలంలో కలిసిపోయింది. పిల్లలు గీతను పదిసార్లు జరిపారు. ఒకమ్మాయి, "మేడం, ఎవరన్న తుడిచిండ్రా?" అని అడిగింది.

తుడిచింది ఎల్ నినో. మామూలు ఏళ్లలో అక్కడ వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తూ పైనున్న వెచ్చటి నీళ్లను ఆసియా వైపు నెడతాయి. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి, వస్తూ వస్తూ నైట్రేట్లు, ఫాస్ఫేట్లు మోసుకొస్తాయి. చెరువుకి మనం ఎరువు వేస్తాం, అక్కడ గాలే ఎరువు పైకి తోడుతుంది. ఎల్ నినో ఏడాది గాలులు నీరసపడతాయి. వెచ్చటి నీటి పొర మందంగా మూతలా కూర్చుంటుంది. ఎరువు అడుగునే ఉండిపోతుంది, ఎండ పైనే ఉండిపోతుంది, రెండూ కలవవు. ఉష్ణమండల సముద్రాల్లో చాలాచోట్ల అట్లాంటి ఏడాది పచ్చబడటం ఆలస్యంగా మొదలవుతుంది, తొందరగా ముగుస్తుంది కూడా. పెరూ జాలర్లు ఈ వెచ్చటి నీళ్లు క్రిస్మస్ రోజుల్లో రావడం చూసి బాల యేసు పేరు పెట్టుకున్నారు. 1972లో ఎల్ నినో వచ్చాక వాళ్ల ఆంచోవీ చేపల వేట కూలిపోయింది. అప్పటికే వాళ్లు విపరీతంగా పట్టి ఉన్నారు, అది కూడా కారణం.

నేను 2015ని ఊరికే ఎంచుకోలేదు. ఆ ఏడాది మా ఊరి చెరువు అడుగు నెర్రెలిచ్చింది. బాపు వాళ్లు వలలు అటకెక్కించారు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలు అప్పటికి పసివాళ్లు, కానీ ఇంట్లో వినే ఉంటారు. గలపగోస్ దగ్గర పసరు పోవడం, మా దగ్గర వానలు వెనకబడటం ఒకే గాలి మార్పుకి ముడిపడి ఉన్నాయని చెప్తే క్లాసులో చప్పుడు లేదు. ఎల్ నినో వచ్చిన ప్రతిసారీ మనకు కరువే రాదు. ఆ మాట కూడా అదే రోజు చెప్పాను, చెప్పాలి కూడా.

దానికి రుజువుగా 1997 ఉంది. అంత పెద్ద ఎల్ నినో ఏడాది దేశంలో రుతుపవనాలు మామూలుగానే కురిశాయి. ఆ ఏడాది హిందూ మహాసముద్రంలో ఇంకో ఊగిసలాట బలంగా నడిచింది. పడమట ఆఫ్రికా వైపు నీళ్లు వెచ్చబడి, తూర్పున సుమత్రా వైపు చల్లబడటం. దాన్ని హిందూ మహాసముద్ర డైపోల్ అంటారు. 1997 బొమ్మలు ఆక్వాలో దొరకవు, అప్పటికి అది పుట్టలేదు. అందుకే మేం 2019 చూశాం, ఆ ఏడాదీ డైపోల్ బలంగా ఉంది. జావా దీవి దక్షిణాన ఏటా జులై నుంచి సెప్టెంబర్ దాకా కాస్త పచ్చబడటం మామూలే. 2019లో ఆ పచ్చదనం సుమత్రా పడమటి తీరం దాకా పాకింది, మామూలుగా సద్దుమణిగే వేళకి కూడా తగ్గలేదు. అదే ఏడాది దేశంలో వానలు సగటు కంటే 10 శాతం ఎక్కువ. మా చెరువు మత్తడి దుంకింది. పిల్లలకి అది బాగా గుర్తుంది, మత్తడి కింద వల కట్టి చేపలు పట్టిన సంగతి ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పారు, నేను ఆపలేదు.

ఇక మనకు దగ్గరి సముద్రాలు. అరేబియా సముద్రానికి ఏడాదికి రెండు పంటలు, మన వానాకాలం, యాసంగి లాగే. ఒకటి జూన్ నుంచి సెప్టెంబర్, నైరుతి గాలులు సోమాలియా, ఒమన్ తీరాల్లో అడుగు నీళ్లను పైకి తోడినప్పుడు. రెండోది చలికాలంలో, ఉత్తరాన పొడి చల్లగాలికి పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగి, సముద్రం తనను తానే కలియబెట్టుకున్నప్పుడు. ఫిబ్రవరిలో ఒమన్ వైపు మామూలు ఫోటో పొర పెట్టి చూడండి. మబ్బు లేని రోజు దొరికితే పచ్చటి సుడులు కనబడతాయి, రంగు నీళ్లలో పుల్ల తిప్పినట్టు. వాటిలో ఎక్కువ భాగం నాక్టిల్యూకా అనే జీవిది.

బంగాళాఖాతం అంత పచ్చబడదు. ఎందుకని పిల్లలు అడిగితే గోదావరి పేరు చెప్పాను. కాళేశ్వరం, ఏటూరునాగారం, భద్రాచలం దాటి పోయే వరద నీళ్లు, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ నీళ్లు అన్నీ కలిసి సముద్రం మీద తేలికైన మంచినీటి పొర పరుస్తాయి. ఉప్పు నీళ్లు దాని కింద ఉండిపోతాయి. గాలి ఎంత వీచినా ఆ మూత తీయడం కష్టం. మన ముందు నుంచి పోయే నీళ్లు అంత పని చేస్తాయని మా పిల్లలకి ఎవరూ చెప్పలేదు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు, నలభై దాటాక చదివి తెలుసుకున్నాను.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి చెప్పకపోతే వాడినవాళ్లు నిరాశపడతారు.

రోజువారీ బొమ్మలో మబ్బు ఉన్నచోట ఏమీ కనబడదు. మన వైపు సముద్రాల్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, అంటే అసలు పంట నడిచే కాలంలోనే, వారాల తరబడి చిల్లుల గుడ్డలా ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర ఉపగ్రహం చూసిన పట్టీకి, పక్క పట్టీకి మధ్య ఖాళీ కూడా మిగులుతుంది. ఒక్క రోజు చూసి ఏదీ తేల్చొద్దు. వారం రోజుల బొమ్మలు తిప్పండి. నెల సగటు కావాలంటే నాసాదే ఇంకో సైట్ ఉంది, నాసా ఎర్త్ అబ్జర్వేషన్స్. అక్కడ నెలకొక బొమ్మ చొప్పున దొరుకుతుంది, ఖాళీలు చాలావరకు పూడిపోతాయి. రెండు సైట్లలో రంగుల కొలబద్ద ఒకటి కాదు, అది చూసుకోండి. ఆ కొలబద్ద కూడా మన స్కేలు లాంటిది కాదు. 0.1 నుంచి 1 దాకా ఎంత దూరమో, 1 నుంచి 10 దాకా అంతే దూరం. రంగు కొంచెం జరిగితే క్లోరోఫిల్ ఎన్నో రెట్లు మారినట్టు.

ఈ పొరలో క్లోరోఫిల్ బాగా ఎక్కువున్న చోటుకి ఎరుపు రంగు వేస్తారు. నదుల నోళ్ల దగ్గర ఎర్రగా కనబడితే అంతా ప్లవకాలే అనుకోవద్దు. వరద బురద కూడా లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. ఆగస్టులో గోదావరి మొగ దగ్గర మా పిల్లలు సంబరపడ్డారు, తర్వాత నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది.

సైన్స్ ఫెయిర్‌కి ఈ బొమ్మలతో ఒక ఫ్లెక్సీ చేయించాం. పట్టణంలో ఒక షాపులో ఇచ్చాను, పేరెందుకు. తెల్లారి ఫెయిర్ అనగా రాత్రి తొమ్మిదికి ఇచ్చారు, విప్పితే ఆకుపచ్చ మొత్తం నీలంగా వచ్చింది. 2010కి, 2015కి తేడానే లేదు. తీసుకెళ్లిన అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. రాత్రికి రాత్రి స్కెచ్ పెన్నులతో ఆ పట్టీ మీద మళ్లీ పచ్చ దిద్దారు పిల్లలు. రంగే సమాచారం అయినప్పుడు ముద్రణకి ఇచ్చే ముందు చిన్న నమూనా తీయించుకోండి, ఆ డబ్బులు పోతే పోనీ.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇంకొకటి. రెండేళ్లు పక్కపక్కన పెట్టి "సముద్రం చచ్చిపోతుంది" అని పిల్లలు రాసేస్తారు. మా వాళ్లు రాశారు, నేను కొట్టేయించాను. ఎల్ నినో, డైపోల్ లాంటివి వస్తాయి, పోతాయి. 1998లో ఎల్ నినో పోయి గాలులు మళ్లీ పుంజుకున్నప్పుడు, అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఎగిరిన సీవిఫ్స్ ఉపగ్రహం అదే పసిఫిక్‌లో ఒక్కసారిగా విరగబూసిన పచ్చదనాన్ని చూసింది. ఈ ఊపుల కింద వాతావరణ మార్పు గీసే సన్నటి గీతను విడదీయాలంటే దాదాపు 40 ఏళ్ల రికార్డు కావాలని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆక్వాకి ఇంకా అంత వయసు లేదు. వాతావరణ మార్పు నిజం కాదని నేను అనడం లేదు, మా ఎండాకాలాలు నాకు తెలుసు. రెండు బొమ్మలు చూసి తేల్చే విషయం కాదని మాత్రమే అంటున్నాను. ఓపికగా కొలిచినవాళ్లు ఉన్నారు. ఓడల వెనక ప్లవకాల పెట్టె కట్టి లాగే బ్రిటిష్ సర్వే ఒకటి 1931 నుంచి నడుస్తోంది.

తారీఖు ఎంత ముఖ్యమో ఉత్తర అట్లాంటిక్‌లో బాగా కనబడుతుంది, నేను ఈ పాఠాన్ని అక్కడికి తీసుకెళ్లి ఆపుతాను. అక్కడ చలికాలంలో ఎండ తక్కువ, గాలి ఎక్కువ, నీళ్లు లోతుగా కలియబడుతుంటాయి. వసంతంలో ఎండ పెరిగి కలియడం తగ్గగానే సముద్రం పచ్చబడుతుంది. ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానికి, అజోర్స్ దగ్గరి అధికపీడనానికి మధ్య తేడా ఒక్కో ఏడాది ఎక్కువ, ఒక్కో ఏడాది తక్కువ. ఎక్కువైన చలికాలం గాలులు బలంగా వీచి నీళ్లను ఇంకా లోతుగా కలుపుతాయి, ఉత్తర భాగాల్లో పచ్చబడటం వెనకబడుతుంది. చేపపిల్ల గుడ్డులోంచి వచ్చే రోజు మాత్రం అదే తీరున వెనకబడదు. కెనడాలో నోవా స్కోషియా తీరాన హాడాక్ చేప మీద సముద్ర శాస్త్రవేత్త ట్రెవర్ ప్లాట్ బృందం 2003లో చూపించింది ఇదే. వసంతపు పచ్చదనం ముందుగా వచ్చిన ఏళ్లలో హాడాక్ పిల్లలు ఎక్కువ బతికాయి. ఇది చదివి వినిపిస్తే బాపు, "మరి గదే గదా నేను చెప్పేది" అన్నాడు.

మన దేశంలో ఈ లెక్క జాలరి దాకా పోతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల క్లోరోఫిల్, సముద్రపు వేడి కలిపి చూసి చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని తెలుగులో కూడా ఇస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి చెప్పే వాళ్లున్నారని మా పిల్లలకి చెప్పడం నాకు చాలా ఇష్టం. కేరళలో నూనె కవళ్లు (సార్డీన్ చేపలు) తగ్గిపోయినప్పుడు కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఎల్ నినోను ఒక కారణంగా చూపారు. నాకొక ఆలోచన ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. క్యాలెండర్ తారీఖు మారదు, సముద్రం తారీఖు మారుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే చదువు మన పిల్లల్లో ఎవరైనా చదవాలని నా కోరిక.

ఎవరికి పనికొస్తుందంటే, ఎనిమిది నుంచి ఇంటర్ దాకా సైన్స్ చెప్పేవాళ్లకి, ఫిషరీస్ చదివే పిల్లలకి కళ్లు మూసుకుని చెప్తాను. బడిలో ఇంటర్నెట్ సరిగ్గా రాకపోతే ముందు రోజు రాత్రే ఇంట్లో బొమ్మలు దాచుకోండి, నేను అదే చేస్తాను. 2024 ఫిబ్రవరిలో ఎగిరిన పేస్ ఉపగ్రహం పొరలు కూడా ఇప్పుడు ఇందులో ఉన్నాయి. అది మరిన్ని రంగులు విడదీసి చూడగలదు కాబట్టి ఏ జాతి ప్లవకాలో కూడా కొంత చెప్తుంది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మబ్బుల ఖాతాలో.

బాపుకి ఒకసారి ఫోన్‌లో మొత్తం చూపించాను. ఒమన్ సుడులు చూశాడు, గలపగోస్ చూశాడు. తర్వాత వేలితో మెల్లగా జరుపుకుంటూ మన వైపు వచ్చి, "బిడ్డా, మన చెరువేది?" అన్నాడు. ఆ పొరలో ఒక చుక్క కిలోమీటరంత ఉంటుంది, మా చెరువు దానికి ఆనదు. అది చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాతి శనివారం నుంచి మేమే కొలుస్తున్నాం. స్టీలు పళ్లెం అడుగున నలుపు, తెలుపు నాలుగు భాగాలుగా రంగు వేసి, నడుమ తాడు కట్టి, బరువుకి ఒక రాయి. పళ్లెం కనబడకుండా పోయిన లోతు దగ్గర తాడుకి ముడి వేసి, టేపుతో కొలిచి రిజిస్టర్లో రాస్తాం. బాపు పక్కన నిలబడి మోచేయి ముంచి తన మాట తాను చెప్తాడు, దానికి వేరే గడి ఉంది. పోయిన శనివారం పళ్లెం 58 సెంటీమీటర్లు. బాపు గడిలో "ఇంక వారమాగాలె" అని ఉంది.